అసుర కోటాలో ఒక సీటు

ఆ ఏడు భక్తరంజని కళాశాల నాటక శాఖ మీదికి వచ్చిన ఉపద్రవానికంతటికీ కారణం నీలాద్రి మాస్టారి నోటి నుంచి జారిన ఒకే ఒక్క మాట. ఆ మాటలో అబద్ధం ఏమీ లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

కళాశాల కోనసీమలో, కాలవ పక్కన, కొబ్బరి తోటల మధ్య ఉంటుంది. సంగీతం, నాట్యం, నాటకం అని మూడు శాఖలు. కలశేశ్వరస్వామి పేరు మీద ఏర్పడ్డ ఒక ధర్మసంస్థ దాన్ని నడుపుతుంది. ఆ సంస్థకు అధ్యక్షులు కొవ్వూరి బ్రహ్మాజీరావుగారు. ఊళ్లో కొబ్బరి పీచు ఫ్యాక్టరీ ఆయనదే. కళాశాలలో చదివి వెళ్లిన కుర్రాడొకడు ఆ వేసవిలో ఒక టీవీ సీరియల్లో దేవుడి కిరీటం ఎత్తుకుపోయే పూజారి వేషం వేశాడు. బ్రహ్మాజీరావుగారు అది చూసి రెండు పూటలు భోజనం మానేశారు. మూడో పూట భోంచేసి, పాలక మండలి సమావేశం పెట్టారు.

"కిరీటం ఎంత ఒడుపుగా తీసేడో చూసేరాండీ? పుట్టుకతో అదే పనిలో ఉన్నోడిలా తీసేడు. ఎక్కడ నేర్చుకున్నాడండి అదంతా? మన దగ్గరే కదండీ!" అన్నారు ఆయన బాధగా.

నాటక శాఖలో ఉన్న ఒకే ఒక అధ్యాపకుడు నీలాద్రి. ఆ ఒడుపు నేర్పింది అతనే. లోపల గర్వం పొంగింది. పొంగగానే దాన్ని గమనించాడు, గమనించి తల దించుకున్నాడు. యాభై మూడేళ్లొచ్చేదాకా ఒంటరిగా బతకడం వల్ల అతనికి ఒక అలవాటైపోయింది. అతనిలో ఇద్దరుండేవారు. ఒకడు మాట్లాడేవాడు, రెండోవాడు వెనక వరసలో కూర్చుని మొదటివాణ్ణి చూసేవాడు. ఈ విషయం అర్థం చేసుకోవాలని రెండు మనస్తత్వశాస్త్ర గ్రంథాలు కొని చదివాడు కూడా. చదివాక వెనక వరసలో ముగ్గురయ్యారు.

కళాశాల సంచాలకులు ఆచార్య చిదంబరేశ్వర్‌గారు లేచి నిలబడ్డారు. ఆయన కూర్చుని మాట్లాడగా ఎవరూ వినలేదు.

"విలువల ఆధారిత కళాకార నిర్మాణ ప్రక్రియయందు ప్రవేశ దశయే కీలక దశ అని ఈ సభ గుర్తించవలసి ఉన్నది. కావున ఈ విద్యా సంవత్సరము నుండి ధార్మిక విలువలు, దైవభక్తి కలిగిన అభ్యర్థులను మాత్రమే చేర్చుకొనుటకు తీర్మానించడమైనది. నాటక శాఖవారి అభిప్రాయము?"

నీలాద్రి ఆ క్షణాన "చిత్తం" అని ఊరుకుని ఉంటే ఈ కథ లేదు.

"చేర్చుకోవచ్చండి. కాని నటుడవ్వాలని వచ్చేవాడు భక్తి ఉన్నట్టు నటించగలడు కదండి. బాగా నటిస్తే మనకెలా తెలుస్తుంది?" అన్నాడు.

బ్రహ్మాజీరావుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఇన్నాళ్లూ తన ఎదుట దణ్ణాలు పెట్టినవాళ్లందరూ ఆయన కళ్ల ముందు వరసగా కదిలినట్టున్నారు.

"రాయండి ఆ మాట," అన్నారు చివరికి. "మినిట్స్‌లో రాయండి."

ఒకసారి మినిట్స్‌లోకి ఎక్కాక మాటకు ఎదుగుదలే గాని తరుగుదల ఉండదు. గంటలో దానికి ఉపసంఘం పుట్టింది. నటించిన భక్తిని, నటించని భక్తిని వేరు చేసే పరీక్షను తయారు చేయడం ఆ ఉపసంఘం పని. ఇంట్లో రెండు మనస్తత్వశాస్త్ర గ్రంథాలున్నవాడు ఊరు మొత్తం మీద అతనొక్కడే కాబట్టి నీలాద్రిని కన్వీనరుగా వేశారు. పనిలో పనిగా ఇంకో తీర్మానం కూడా చేశారు: జూలై నెలాఖరుకి నాటక శాఖలో పన్నెండు మంది ధార్మిక విద్యార్థులు చేరి, ‘కలశేశ్వర మహిమ’ నాటకం ఆడి చూపించాలి. ఒక్క సీటు తగ్గినా శాఖ మూసేసి, రంగస్థలం హాలును ధ్యానమందిరంగా మార్చాలి.

మర్నాడు నీలాద్రి హాల్లోకి వెళ్లేసరికి టైల్స్ మేస్త్రీ టేపు పట్టుకుని వేదిక కొలుస్తున్నాడు.

"కంగారేం లేదండి మాస్టారూ, కొలతలకే వచ్చేను. తెల్లవి వేయమంటారా, గోధుమ రంగువా?" అన్నాడు మేస్త్రీ.

ఇరవై ఆరేళ్లుగా ఆ చెక్క వేదిక మీదే నీలాద్రి బతుకంతా నడిచింది. బయట ఎక్కడ నిలబడ్డా తను ఎవరికో అడ్డుగా ఉన్నట్టనిపించేది అతనికి. అక్కడ మాత్రం అనిపించేది కాదు. మేస్త్రీకి ఏ రంగూ చెప్పకుండా వచ్చి, పరీక్ష తయారు చేయడానికి కూర్చున్నాడు.

పరీక్షకు శాస్త్రీయత కల్పించినవాడు ఉపసంఘంలో సభ్యుడైన రిటైర్డు కాంపౌండరు వీరాస్వామి. హారతి ఇచ్చేటప్పుడు నిజమైన భక్తుడికి బీపీ తగ్గుతుందని, నటించేవాడికి పెరుగుతుందని అతని సిద్ధాంతం.

"ఏ ఆధారముతో చెప్పుచున్నారు?" అని అడిగారు చిదంబరేశ్వర్‌గారు.

"మా ఆవిడ మీద చూసేనండి, ఆయ్."

"తగ్గినదా, పెరిగినదా?"

"అది ఇంటి సంగతండి. సిద్ధాంతం మాత్రం కరెక్టేనండి."

సిద్ధాంతం ఆమోదం పొందింది.

పరీక్షలు జూలై మొదటి వారంలో మొదలయ్యాయి. మొదట వచ్చినమ్మాయి రాజోలు పిల్ల. స్వామి మీద పాట ఎత్తుకుని రెండో చరణానికి వచ్చేసరికి ఆమె కళ్లలోంచి నీళ్లు ధారగా కారాయి. గుమ్మం దగ్గర ఊడుస్తున్న ఆయమ్మ చీపురు కింద పడేసి ఏడ్చింది. చిదంబరేశ్వర్‌గారు కూడా కండువా అంచుతో కళ్లొత్తుకున్నారు. ఒత్తుకుని, తిరస్కరించారు.

"కన్నీరు యథాస్థానమున వచ్చినది. రాగము మారిన చోట, సరిగ్గా. నిజమైన కన్నీటికి తాళజ్ఞానము ఉండదు. తదుపరి."

తదుపరి అబ్బాయి హారతి వెలుగుతుండగా గోడకు చేరబడి నోరు తెరిచి నిద్రపోయాడు. వీరాస్వామి మిషను పెట్టి చూసి, తొంభై బై అరవై అని ప్రకటించాడు. "సమాధి స్థితి" అని రాసుకుని అతన్ని ఎంపిక చేశారు. లేపి ఆ మాట చెబితే, "బస్సు వచ్చేసిందాండీ?" అన్నాడు. మూడోవాణ్ణి నాటకంలో ఎందుకు చేరతావని అడిగితే, "పాలిటెక్నిక్‌లో రాలేదండి" అన్నాడు. ఆ నిష్కాపట్యానికి సంఘం లేచి నిలబడింది. నాలుగో పిల్లను దేవుణ్ణి నమ్ముతావా అంటే, "మా అమ్మ చూసుకుంటదండి అయ్యన్నీ" అంది. అదీ ఎంపికైంది.

వారం తిరిగేసరికి బస్టాండు వెనక ఒక కోచింగ్ సెంటరు వెలిసింది. ‘భక్తి సహజంగా కనబడుటకు పదిరోజుల శిక్షణ’ అని బోర్డు. అక్కడి నుంచి వచ్చిన కుర్రాడొకడు పరీక్ష గదిలోకి అడుగుపెడుతూ గడప తట్టుకున్నాడు, హారతి కళ్లకద్దుకోవడం మర్చిపోయి వెళ్లబోయాడు, గుర్తొచ్చి వెనక్కొచ్చాడు, సిగ్గుపడి నవ్వాడు. సంఘం మురిసిపోయింది. నీలాద్రి ఒక్కడికే ఒళ్లు జలదరించింది. ఆ తట్టుకోవడం నటన, ఆ మర్చిపోవడం నటన, ఆ సిగ్గయితే మహానటన. ఇన్నేళ్లలో అంత చక్కటి పని అతను చూడలేదు. అయినా అడిగారు కాబట్టి, కన్వీనరు కాబట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. కుర్రాడు గుమ్మంలో ఆగి, "మీకెలా తెలిసిపోయిందండి మాస్టారూ?" అని అడిగి వెళ్లిపోయాడు. ఆ రోజు నీలాద్రికి అన్నం సయించలేదు. నిజం చెప్పినందుకు మనిషికి ఆకలి చచ్చిపోవడం గురించి రెండు గ్రంథాల్లోనూ వెతికాడు. ఎక్కడా లేదు.

ఇరవయ్యో తారీఖుకి పదకొండు మంది చేరారు. పదకొండు మందీ నిఖార్సైన భక్తులు. నటన అనేది ఒక్కరి దగ్గర కూడా ఆనవాలుకి లేదు.

‘కలశేశ్వర మహిమ’ ఆ ప్రాంతంలో జాతరల్లో ఆడే పాత నాటకం. ఝంఝాసురుడనే రాక్షసుడు మునులను పీడించి, స్వామిని గంటన్నర సేపు తిడతాడు. చివర్లో కలశం పగిలి స్వామి బయటికొచ్చి వాణ్ణి చంపుతాడు. నీలాద్రి మొదట ఒకడికి ముని వేషం ఇచ్చాడు.

"నేను వెయ్యేళ్లుగా తపస్సు చేయుచున్నాను. అను," అన్నాడు.

కుర్రాడు చాలాసేపు కాళ్లు చూసుకున్నాడు. "చెయ్యట్లేదు కదండి మాస్టారూ."

"చేస్తున్నట్టు అనాలిరా."

"అబద్ధం కదండి. సీటు పోదాండి?"

ఇక ఝంఝాసురుడు ఎవరన్న ప్రశ్న వచ్చింది. పదకొండు మందీ ఒక్కసారి వెనక్కి తగ్గారు. విషయం సంచాలకుల దగ్గరికి వెళ్లింది. ఆయన తర్కం సూటిగా ఉంది. నటన నిషిద్ధం గనక స్వామిని తిట్టేవాడు మనస్ఫూర్తిగానే తిడుతున్నట్టు లెక్క. మనస్ఫూర్తిగా తిట్టేవాడు ప్రవేశ పరీక్ష ఎలా నెగ్గాడన్న విచారణ వస్తుంది. కాబట్టి ఝంఝాసురుణ్ణి తీసేసి నాటకం ఆడమన్నారు.

ఆడారు. తొమ్మిది నిమిషాల్లో అయిపోయింది. మునులు సుఖంగా ఉన్నారు. కలశం పగిలింది. స్వామి త్రిశూలం ఎత్తి బయటికొచ్చాడు, అటు చూశాడు, ఇటు చూశాడు, త్రిశూలం దించి, మునుల యోగక్షేమాలు కనుక్కుని, లోపలికెళ్లిపోయాడు.

బ్రహ్మాజీరావుగారు ముందు వరసలో కుర్చీ చేతులు పట్టుకుని, "మరి స్వామి ఎందుకొచ్చినట్టండి?" అని అడిగారు.

ఆ ప్రశ్నకు సంచాలకుల దగ్గర కూడా జవాబు లేదు. జవాబు లేని చోట నోటిఫికేషను ఇవ్వడం ఆ కళాశాల పద్ధతి. మర్నాడు పేపర్లో పడింది: ‘అసుర కోటాలో ఒక సీటు. అభ్యర్థి దైవభక్తి లేనివారై ఉండవలెను. అయితే సంస్థ విలువల దృష్ట్యా, భక్తి లేనందుకు అనుదినము పశ్చాత్తాపపడువారై ఉండవలెను. వయోపరిమితి లేదు.’

భక్తి లేదని ధ్రువపత్రం ఇవ్వమని ఇద్దరు కుర్రాళ్లు తహసీల్దారు ఆఫీసుకు వెళ్లారట. ఏ ఫారం మీద ఇవ్వాలో తెలియక తహసీల్దారు ఇద్దరికీ ఆదాయ ధ్రువపత్రాలిచ్చి పంపాడు. ఆఖరికి ఇంటర్వ్యూకి వచ్చినవాడు ఒక్కడే. హేతువాద సంఘం కార్యదర్శి, రిటైర్డు లెక్కల మాస్టారు జోగినాథంగారు. వయసు అరవై ఆరు.

చిదంబరేశ్వర్‌గారు ఆయనకు గౌరవంగా కుర్చీ చూపించి, వేదిక మీదున్న స్వామివారి పటం వైపు చెయ్యి చాపారు. "స్వామిని తిట్టుడు."

"ఎవర్నండి?"

"కలశేశ్వరుని."

"లేనివాణ్ణి ఎలా తిడతానండి? అది అశాస్త్రీయం."

"ఉన్నాడని అనుకొని తిట్టవచ్చును."

"అనుకుంటే ఇక నాకూ మీకూ తేడా ఏంటండి?" జోగినాథంగారు గొంతు పెంచారు. "కావాలంటే మిమ్మల్ని తిడతాను. మీరున్నారు. కంటికి కనిపిస్తున్నారు."

అని, పది నిమిషాలు ఆధారాలతో సహా తిట్టారు. పశ్చాత్తాపం సంగతి అడిగితే, నడుస్తూ నడుస్తూ ఇంకో రెండు తిట్టి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం నీలాద్రి కాలవగట్టు మీద నడుస్తూ ఆ మాటే ఆలోచించాడు. తిట్టాలంటే ఎదురుగా ఒకడుండాలి. ఎవరూ లేరనుకునేవాడు తిట్టలేడు. ఉన్నాడేమో, కాని తన మాట వినడేమో అని కుమిలేవాడే తిట్టగలడు. తను స్వామిని మొక్కి ఎన్నేళ్లయిందో గుర్తు రాలేదు. తిట్టి ఎన్నేళ్లయిందని ప్రశ్న మార్చుకున్నాడు. అదీ గుర్తు రాలేదు. అంటే మాటలు ఆగిపోయిన సంసారం లాంటిదన్నమాట తమ ఇద్దరిదీ. ఈ పోలిక బాగుందనుకున్నాడు. బాగుందనుకున్నందుకు తనమీద తనకే విసుగొచ్చింది. గడువు ఇంకా ఎనిమిది రోజులే. పన్నెండో సీటు ఖాళీ.

ముప్ఫయ్యో తారీఖు పొద్దున పది గంటలకు ఒక పాత మోపెడ్ గేటులోకొచ్చింది. నడుపుతున్నది పందొమ్మిదేళ్ల అమ్మాయి. వెనక ఒక ముసలాయన హార్మోనియం ఒళ్లో పెట్టుకుని, పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నాడు.

"నా పేరు పెచ్చెట్టి వరాలండి. ఈయన మా తాతండి," అంది అమ్మాయి నీలాద్రితో. "మాకు నాటకాల మేళం ఉందండి. జాతరల్లో కలశేశ్వర మహిమే ఆడతావండి. తాతకి దగ్గు పట్టుకున్నాకా మూడేళ్ల నుంచి ఝంఝాసురుడి వేషం నేనే కడతన్నానండి."

"మీసం అదే గీసుకుంటదండి, నా కంటే బాగా గీసుకుంటది," అన్నాడు తాత.

"మరి కాలేజీ ఎందుకమ్మా నీకు?"

వరాలు గొంతు సవరించుకుంది. అప్పుడు గమనించాడు నీలాద్రి, ఆ గొంతులో జీర. "జాతరైన నాలుగు రోజుల వరకూ మాట రాదండి. అరవడం వచ్చు గాని, గొంతు పోకుండా అరవడం రాదండి నాకు. అది తమరు నేర్పుతారంట కదండి. ఇలాగే అరిస్తే ముప్పయ్యేళ్లకి తాతలా అయిపోతానండి."

గొంతు పోకుండా అరవడం. ఇన్నేళ్ల ఉద్యోగంలో తనకు సరిగ్గా ఏది వచ్చో, అదే కావాలని వచ్చిన మొదటి మనిషి ఆమె. నీలాద్రి ఆమెను నేరుగా హాల్లోకి తీసుకెళ్లాడు.

పాలక మండలి అప్పటికే అక్కడ సమావేశమై ఉంది. టైల్స్ మేస్త్రీ నమూనాలు తెచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఎప్పుడొచ్చినా ఉచితంగా బీపీ చూపించుకోవడం బ్రహ్మాజీరావుగారికి అలవాటు. వీరాస్వామి ఆయన చేతికి పట్టీ చుట్టి, గాలి కొట్టి, "నూట డెబ్బయ్యండి, ఎప్పుడూ ఉన్నదే. ఇంకోసారి చూద్దావండి," అని మళ్లీ గాలి కొట్టబోతున్నాడు.

వరాలు కాటుకతో మీసం గీసుకుని వేదిక ఎక్కింది. తాత హార్మోనియం మీద ఒక స్వరం పట్టి వదల్లేదు.

ఆమె పటం ముందు నిలబడి కాసేపు ఊరికే చూసింది. తర్వాత మొదలెట్టింది.

"ఓరి కలశమ్మీద కూచున్నోడా! నీకు కాళ్లున్నాయంట్రా? ఉంటే దిగు! గోదారి పొంగి నా గుడిసె కొట్టుకుపోయిన్నాడు నువ్వెక్కడ కూచున్నావు? అక్కడే కూచున్నావు! నా గొడ్డు నీళ్లలో అరుస్తా పోతా ఉంటే నీ గుళ్లో గంట కొట్టుకుంటన్నారు, నీకేది వినబడిందిరా? గంటా, గొడ్డా? చెప్పు! నీ చెవులు బంగారవంట. బంగారం చెవులకి వినబడదేటి? నేను రాక్షసుణ్ణే. తినేస్తాను, ఎదురొచ్చినోణ్ణల్లా తినేస్తాను. మరి నువ్వెవడివి? దిగి చెప్పు! దిగవా? భయవా? నేనంటే నీకే భయవైతే నీ జనాన్ని ఎవడు చూస్తాడ్రా?"

పైకప్పు రేకుల మీద పావురాలు లేచిపోయాయి. మేస్త్రీ చేతిలో టైలు జారి రెండు ముక్కలైంది. మండలి సభ్యులు కుర్చీలతో సహా వెనక్కి జరిగారు. వరాలు ఒక్కో మాటకూ ఒక్కో అడుగు ముందుకేస్తోంది. పటం వైపు చూపు తిప్పి, "ఐతే నువ్వు లేవు! ఒప్పుకో!" అని ఒక కేక వేసింది.

అప్పుడు బ్రహ్మాజీరావుగారు లేచారు. చేతికి పట్టీ అలాగే ఉంది, మిషను గొట్టానికి వేలాడుతూ వెంట వచ్చింది. ఆయన వేదిక అంచు మీద పడి, రెండు చేతులూ పైకెత్తి, "స్వామీ! దిగు స్వామీ! ఉన్నావని చెప్పు స్వామీ! నా పరువు తియ్యకు స్వామీ!" అని భోరుమన్నారు. కండువా ఎక్కడో పడింది. ముక్కు కారుతోంది, తుడుచుకోవడం లేదు.

వీరాస్వామి మిషను వెనకే పాకుతూ వచ్చి చూశాడు. "నూటెనిమిది బై డెబ్బయ్యండి!" అని అరిచాడు. "నూట డెబ్బయ్యుండే మనిషికండీ!"

ఆ సందడిలో వరాలు చప్పుడు చేయకుండా కిందికి దిగింది. కొంగుతో మీసం తుడిచేసుకుని, పటం ఎదురుగా నిలబడి, టపటపా చెంపలేసుకుంటోంది.

"ఏమి చేయుచున్నావమ్మా?" అన్నారు చిదంబరేశ్వర్‌గారు అనుమానంగా.

"చెంపలేసుకుంటన్నానండి. తిట్టినన్నిసార్లూ వేసుకోవాలండి. ఇది అవ్వకుండా మంచినీళ్లు తాగకూడదండి మా మేళంలో. కట్టేరోజు పొద్దుటి నుంచీ ఉపోషవేనండి. పొద్దున్నే కొబ్బరికాయ కొట్టి, ఇవాళ నిన్ను తిడతాను, ఏవనుకోకని ముందే చెప్పుకుంటానండి."

సంచాలకుల ముఖం వాడిపోయింది. సంఘం పక్కకు వెళ్లి పావుగంట చర్చించింది. తిరిగొచ్చి ఆయన తీర్పు చదివారు.

"అభ్యర్థినియందు దైవభక్తి నిస్సందేహముగా రుజువైనందున అసుర కోటాకు అనర్హురాలు. నటన కూడ నిస్సందేహముగా రుజువైనందున సాధారణ కోటాకు అనర్హురాలు."

తాత దగ్గు ఆపుకున్నాడు. "అంటే మా పిల్ల దేనికీ పనికిరాదంటారాండి?"

"పనికిరాకపోవుట కాదు. అర్హతలు రెండు కోటాలకు సరిపడునంత ఉన్నవి. సీటు ఒక్కటే."

గుమ్మం దగ్గర మేస్త్రీ ఇంకో నమూనా బయటికి తీశాడు. వరాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తాత వైపు చూసింది. నీలాద్రికి గుండె దడదడలాడింది. ఎన్నో ఏళ్ల తర్వాత మొదటిసారి, దడను గమనించేవాళ్లెవరూ లోపల కనిపించలేదు. గమనించే తీరిక లేకుండానే నోరు తెరుచుకుంది.

"అధ్యక్షా, ఒక మనవి. సాధారణ కోటాకు కావలసినవేంటండి? పదిమందికీ వినబడేలా భక్తి, అందులో నటన లేకపోవడం, బీపీ తగ్గడం. అంతేనాండి?"

"అంతియే."

"వయోపరిమితి లేదని మొన్న పేపర్లో వేశాం కదండి."

"వేసితిమి. అయిన?"

"అయితే పరీక్ష పాసైనవారు ఒకరు ఈ గదిలోనే ఉన్నారండి. ఇంత స్వచ్ఛంగా ఇంతవరకూ ఎవరూ పాసవలేదు. ముక్కు కూడా తుడుచుకోలేదు."

అందరూ బ్రహ్మాజీరావుగారి వైపు తిరిగారు. ఆయన నేల మీదే కూర్చుని, పట్టీ విప్పించుకుంటూ, తన గురించి కాదన్నట్టు మేస్త్రీ వైపు చూశారు. మేస్త్రీ ఆయన వైపే చూస్తున్నాడు.

"నన్నా? ఈ వయసులోనాండి?" అన్నారు ఆయన. చిన్నతనంలో ఏ గోడ చాటున నిలబడి ఏ నాటకం చూశారో, ఏ తండ్రి చెవి మెలేసి ఇంటికి లాక్కుపోయాడో ఎవరికి తెలుసు? ముఖంలో మాత్రం అరవై ఒక్క ఏళ్లలో నలభై దాకా ఎగిరిపోయాయి. "ఫోటోలు కావాలాండి?"

"రెండండి. పాస్‌పోర్టు సైజు."

ఆయన పర్సులో నాలుగున్నాయి.

"మరి అసురుడు?" అన్నారు చిదంబరేశ్వర్‌గారు, చేతిలోంచి ఏదో జారిపోతున్నవాడిలా. "విద్యార్థులలో ఎవరును ఆ పాత్ర ధరింపజాలరు."

"విద్యార్థులు కదండి ధరించకూడనిది. అధ్యాపకులకు భక్తి ఉండాలనో, ఉండకూడదనో తీర్మానం ఉందాండి?"

సంచాలకులు మినిట్స్ పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిప్పారు. "అట్టి ప్రస్తావన ఎచ్చటను లేదు," అని, నీలాద్రి ముఖంలోకి మొదటిసారి జాగ్రత్తగా చూశారు.

ఆ సాయంత్రానికి పెచ్చెట్టి వరాలు అసుర వాచికంలో అతిథి అధ్యాపకురాలైంది. నియామక పత్రం చేత్తో పట్టుకుని, "నేను నేర్చుకుందావని వచ్చేనండి," అంది బెంగగా.

"రేపట్నుంచి పొద్దున్నే అయిదింటికి రా. గొంతు పోకుండా అరవడం నేను నేర్పుతాను. పదింటికి నువ్వెళ్లి వాళ్లకి పాఠం చెప్పు," అన్నాడు నీలాద్రి.

మర్నాడు సాయంత్రం నాటకం ఆడారు. హాలు నిండింది. ముని వేషాలు వేసినవాళ్లంతా మొదట మామూలుగానే కాళ్లు చూసుకుంటూ నిలబడ్డారు. ఝంఝాసురుడి వేషంలో వరాలు వచ్చి, "ఏం తపస్సురా మీది? వెయ్యేళ్లు కూచుని ఏం పీకేరు?" అని మీద మీదికి రాగానే, తపస్సు చేయలేదన్న సంగతి వాళ్లు పూర్తిగా మర్చిపోయారు. పాలిటెక్నిక్‌లో సీటు రాని కుర్రాడు ముందుకు దూకి, "వెయ్యేళ్లు కూచుంటే తెలుస్తదిరా నీకు కాళ్ల నొప్పులు!" అని కమండలం విసిరాడు. ఆ వాక్యం రాతలో లేదు. అది నటనో, నిజమో పరీక్ష సంఘానికి కూడా తేలలేదు. మునుల పెద్ద కులపతి వేషంలో బ్రహ్మాజీరావుగారు ముందురోజు ఏడ్చినంతా ఏడ్చారు. పన్నెండు సీట్లూ నిండాయి, నాటకమూ అయింది. మేస్త్రీ టైల్స్ ఆటోలో ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

కాని ప్రవేశం తాత్కాలికమే. ప్రతి శనివారం సంచాలకులు తరగతికి వచ్చి, ఎవరిలోనైనా నటన ప్రవేశించిందా అని కన్వీనరును అడిగి రిజిస్టరులో రాసుకోవాలి. ప్రవేశించినవాడి సీటు రద్దు.

రెండో శనివారం. వరాలు తిడుతోంది. గొంతులో జీర సగం తగ్గింది, కేక మాత్రం రెట్టింపైంది. బ్రహ్మాజీరావుగారు వేదిక అంచుకు వచ్చి, చేతులెత్తి, "స్వామీ! దిగు స్వామీ!" అన్నారు. ఆ అనడానికి ముందు అరక్షణం ఆగారు. కండువా తనంతట తాను జారలేదు, భుజం కాస్త వంచితే జారింది. కన్నీళ్లు కిటికీ వెలుతురు పడే వైపు చెంప మీదుగా వచ్చాయి.

వరాలు ఆగిపోయింది. "బ్రహ్మాజీరావుగారూ, ఆగండాగండి. తమరివాళ చేసేరండి."

గుమ్మంలో చిదంబరేశ్వర్‌గారు రిజిస్టరు తెరిచారు. "చేసిరా? ఏమి చేసిరి?"

తను ఏమన్నదో వరాలుకి అప్పుడు తెలిసొచ్చింది. నాలిక కరుచుకుంది. బ్రహ్మాజీరావుగారు తిరిగి నీలాద్రి వైపు చూశారు. ఫ్యాక్టరీ, అధ్యక్ష పదవి, ఊళ్లో పరపతి అన్నీ ఎక్కడో వదిలేసి, పరీక్షలో పక్కవాడి కాగితం చూస్తూ దొరికిపోయిన పిల్లాడి ముఖంతో చూశారు.

"కన్వీనరుగారూ, ఉన్నది ఉన్నట్టు చెప్పవలెను. అధ్యక్షులవారు నటించిరా?"

నీలాద్రి సంచాలకుల కళ్లలోకి చూశాడు. కనుబొమ్మ కదల్లేదు. గొంతులో తొందర లేదు, ఆలస్యమూ లేదు.

"లేదండి. నిజమే."

చిదంబరేశ్వర్‌గారు ఇంకాసేపు చూశారు. ఆ ముఖంలో ఏమీ దొరకలేదు. ‘నటన లేదు’ అని రాసుకుని, తేదీ వేసి, వెళ్లిపోయారు.

ఆయన చెప్పుల చప్పుడు వరండా చివరిదాకా వెళ్లి ఆగింది. అప్పుడు బ్రహ్మాజీరావుగారు మెల్లగా దగ్గరికొచ్చి, ఎవరూ వినకుండా గొంతు తగ్గించి అడిగారు.

"మాస్టారూ, బాగా చేసేనాండీ?"

"కండువా దగ్గర కొంచెం ఎక్కువైంది," అన్నాడు నీలాద్రి. "రేపు పొద్దున్నే ఆరింటికి రండి. చూద్దాం."